వెయ్యి బొమ్మలు, నలభై సెకన్లు: బీటా టేపు మీదికి ఒక్కో ఫ్రేము

జూన్ 1

డెక్, అంటే వీడియో టేపు రికార్డర్, ఈ రోజు ఇంటికి చేరింది. విద్యానగర్‌లో మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. నేనూ మామయ్యా చెరో పక్క పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా దించుకుంటూ పైకి తెచ్చాం. "బరువని వంచకురా, లోపల డ్రమ్ ఉంది, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకో" అని మెట్లెక్కినంతసేపూ చెబుతూనే ఉన్నాడు.

ఇది బీటాక్యామ్ ఎస్పీ ఎడిటింగ్ రికార్డర్. స్టూడియోల్లో ఒక్క మాటలో 'బీటా' అనేవాళ్లు. కృష్ణానగర్‌లో ఎప్పుడో మూసేసిన ఒక ఎడిట్ సూట్ సామానులో మిగిలిపోయింది. మామయ్య 1990లలో అలాంటి సూట్‌లలోనే ఎడిటర్‌గా చేశాడు. నా చిన్నప్పుడు తెల్లవారుజామున ఇంటికొచ్చి పడుకునేవాడు. "రాత్రంతా ఏం చేశావు మామయ్యా?" అంటే "పది సెకన్లు ఎక్కించాను" అనేవాడు. పది సెకన్లకి రాత్రంతా ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. బొమ్మ తయారు చేయడానికి కంప్యూటర్‌కి అంత టైమ్ పడుతుందేమో అనుకునేవాణ్ణి. అదీ ఉంది. కానీ తయారైపోయిన బొమ్మల్ని టేపు మీదికి ఎక్కించడమే ఇంకో పెద్ద పని అట.

ఆ పని నా చేతులతో చేసి చూడాలని ఎన్నాళ్లనుంచో కోరిక. నలభై సెకన్ల పతంగి యానిమేషన్, మన టీవీ పద్ధతి 'పాల్'లో సెకనుకి 25 ఫ్రేములు (ఫ్రేము అంటే ఒక నిశ్చల బొమ్మ), మొత్తం వెయ్యి. ఒక్కోటి ఒక్కోసారి టేపు మీద పడాలి. అప్పటివాళ్లు చేసినట్టే, అడ్డదారి లేకుండా.

ఎందుకు ఒక్కోటి అంటే, లెక్క చూస్తే తెలుస్తుంది. పాల్ టీవీ బొమ్మ డిజిటల్‌లో 720 అడ్డం, 576 నిలువు. ఒక్కో చుక్కకి రెండు బైట్లు వేసుకున్నా ఫ్రేముకి 8,29,440 బైట్లు. సెకనుకి 25 ఫ్రేములంటే రెండు కోట్ల బైట్లు దాటుతుంది. 1990ల మొదట్లో 200 మెగాబైట్ల హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో ఇలాంటి ఫ్రేములు 241 పడతాయి, అంటే పది సెకన్లు కూడా రాదు. పట్టినా, అంత వేగంగా డిస్క్ నుంచి చదివి తెర మీదికి పంపడం దానివల్ల కాదు. అందుకని కంప్యూటర్ ఒక బొమ్మ తయారు చేసి తెర మీద నిలబెట్టేది, రికార్డర్ ఆ ఒక్క ఫ్రేమునీ టేపు మీద రాసేది, తర్వాత రెండో బొమ్మ. కదలిక అనేది కంప్యూటర్‌లో ఎక్కడా ఉండేది కాదు. టేపు మీదే పుట్టేది.

జూన్ 4

మూత విప్పాను. దుమ్ము తప్ప భయపడేంత ఏమీ లేదు. టేపుని అదిమిపట్టి లాగే రబ్బరు పించ్ రోలర్ గట్టిపడి మెరుస్తోంది, దాన్ని మార్చాలి. టేపు చుట్టుకునే, గిరగిరా తిరిగే డ్రమ్ తుడవడం మామయ్య దగ్గరుండి నేర్పించాడు: దూది వద్దు, పోగులు దాని అంచున బొమ్మని రాసే హెడ్‌కి చిక్కుకుంటాయి. షామీ తోలు ముక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, డ్రమ్‌కి ఆనించి కదలకుండా పట్టుకోవాలి, ఇంకో చేత్తో డ్రమ్‌ని పైనుంచి తిప్పాలి. తోలుని పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరిగిపోతుంది. తోలు మీద మూడు సన్నటి గోధుమరంగు గీతలు వచ్చాయి. ఏ టేపు నుంచి రాలిన పొడో, ఎన్నేళ్ల కిందటిదో.

జూన్ 8

కోఠి, గుజరాతీ గల్లీ. వీడియో కేబుల్ చివర్లకి బీఎన్‌సీ కనెక్టర్లు పది, 75 ఓమ్‌ల కేబుల్ ఎనిమిది మీటర్లు, తొమ్మిది పిన్నుల డీ కనెక్టర్లు నాలుగు. పించ్ రోలర్ దొరకలేదు కానీ, ఒక షాపాయన పాత రోలర్ కొలతలు తీసుకుని, అదే మందం రబ్బరు వేయించి వారంలో ఇస్తానన్నాడు. ఇలాంటి పని చేసిపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారంటే అది కోఠిలోనే.

కంప్యూటర్ యూఎస్‌బీని డెక్ ఆదేశాలు అందుకునే ఆర్ఎస్-422 పద్ధతికి మార్చే తీగ మాత్రం ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాను.

జూన్ 11

డెక్‌తో మాట్లాడటం ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. అందుకే కాస్త వివరంగా రాసుకుంటున్నాను.

వెనకాల 'రిమోట్' అని తొమ్మిది పిన్నుల సాకెట్ ఉంటుంది. సోనీ 9-పిన్ ప్రోటోకాల్ అంటారు, తర్వాత వేరే కంపెనీల డెక్‌లు కూడా ఇదే భాష నేర్చుకున్నాయి. వేగం సెకనుకి 38,400 బిట్లు, ఎనిమిది డేటా బిట్లు, ఆడ్ పారిటీ, ఒక స్టాప్ బిట్. 2, 7 పిన్నులు ఒక జత, 3, 8 పిన్నులు ఇంకో జత. ఒక జత మీద మనం చెబుతాం, రెండో జత మీద డెక్ జవాబిస్తుంది. ప్రతి మాట చివరా ఆ బైట్లన్నీ కూడితే వచ్చిన మొత్తాన్ని సరిచూసుకోవడానికి జతచేయాలి. 'ప్లే' అంటే 20, 01, వాటి మొత్తం 21. అన్నీ హెక్స్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కపెట్టే పద్ధతిలో. అర్థమైతే డెక్ 10, 01, 11 అని తిరిగి పంపుతుంది.

మొదటి రెండు గంటలూ ఉలుకూ పలుకూ లేదు. ఒక జతలో రెండు తీగలూ తారుమారు చేశాను. ఈ పద్ధతిలో రెండు తీగల మధ్య తేడాయే సంకేతం, కాబట్టి అవి మారితే ఒకటి సున్నా అవుతుంది, సున్నా ఒకటి అవుతుంది, డెక్‌కి వినిపించేదంతా అర్థం లేని చప్పుడే. మళ్లీ సోల్డర్ చేశాను. ఇంకోసారి 'ప్లే' పంపాను. లోపల సోలినాయిడ్ టక్కుమంది, డ్రమ్ హోరు మొదలైంది, క్యాసెట్ కిటికీలో చక్రాలు తిరిగాయి. మంచినీళ్లు తెస్తున్న అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి "ఎవరూ ముట్టుకోకుండానే తిరుగుతోందేంట్రా" అంది.

ఆ తర్వాత ఇంకో చిక్కు. టేపుని ఫలానా చోటికి తీసుకెళ్లమని చెప్పే ఆదేశంలో టైమ్‌కోడ్, అంటే టేపు మీద ప్రతి ఫ్రేముకీ ఉండే సమయం నంబరు పంపాలి. ముందు ఫ్రేములు, తర్వాత సెకన్లు, నిమిషాలు, గంటలు, అంటే మనం చదివే క్రమానికి తలకిందులు. అది చూసుకున్నాను. కానీ 0 నుంచి 9 ఫ్రేముల దాకా సరిగ్గా వెళ్లిన డెక్ పదో ఫ్రేము దగ్గర మొండికేసింది. పట్టుకోవడానికి రాత్రి ఒంటిగంట అయింది. అంకెలు బీసీడీలో, అంటే అంకెకి అంకె విడివిడిగా పంపాలి: పదిని హెక్స్ 10గా. నా ప్రోగ్రాం మామూలుగా లెక్కపెట్టి 0ఏ అని పంపుతోంది. తొమ్మిది దాకా రెండూ ఒకటే కాబట్టి తేడా కనబడలేదు. ఇంకొకరెవరైనా ఈ పని మొదలుపెడితే పదో ఫ్రేమునే ముందు పరీక్షించండి.

జూన్ 15

రోలర్ వచ్చింది, సరిగ్గా సరిపోయింది. మామయ్య మధ్యాహ్నం భోజనానికి వచ్చి సాయంత్రం దాకా ఉన్నాడు. ఈ రోజు పని టేపుని 'బ్లాక్' చేయడం.

ఖాళీ టేపు మీద ఒక్క ఫ్రేము అతికించడం కుదరదు. టేపు కదిలేది సెకనుకి పది సెంటీమీటర్ల పైచిలుకు, డ్రమ్ తిరిగేది సెకనుకి 25 చుట్లు. బొమ్మ టేపు మీద ఏటవాలు గీతల్లో పడుతుంది. ఆ గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో డెక్‌కి చెప్పేది టేపు అంచున ఉండే కంట్రోల్ ట్రాక్. గోడ కట్టేటప్పుడు తాడు లాగి పెట్టుకున్నట్టు అన్నమాట. అందుకని ముందు టేపు మొత్తం నల్లటి బొమ్మతో, ఆగకుండా, కంట్రోల్ ట్రాక్‌తో, టైమ్‌కోడ్‌తో రికార్డ్ చేసి పెట్టుకోవాలి. తర్వాత 'ఇన్సర్ట్' పద్ధతిలో బొమ్మని మాత్రమే మార్చాలి, కంట్రోల్ ట్రాక్‌ని అస్సలు ముట్టుకోకూడదు. రెండో పద్ధతి 'అసెంబుల్'. అందులో కంట్రోల్ ట్రాక్ కూడా కొత్తగా రాస్తూ పోతుంది, ఆగిన చోట తెగుతుంది. ఒక్కో ఫ్రేముకి ఆగే పనికి అది పనికిరాదు.

"అసెంబుల్ బటన్ నొక్కావో, నిన్నటిదాకా చేసిందంతా పోయినట్టే," అన్నాడు మామయ్య. ఆయన దగ్గర పనిచేసిన కుర్రాడొకడు తెల్లారి నాలుగింటికి నిద్రమత్తులో ఆ బటన్ నొక్కాడట. రెండు రాత్రుల పని పోయింది. ఆ కుర్రాణ్ణి ఎవరూ ఏమీ అనలేదట, అందరికీ టీ తెప్పించి మళ్లీ మొదటి ఫ్రేము నుంచి మొదలుపెట్టారట. ఈ మాట చెబుతున్నప్పుడు మామయ్య గొంతు మారింది.

30 నిమిషాల క్యాసెట్ బ్లాక్ చేయడానికి 30 నిమిషాలే పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. ఆ అరగంటా లెక్కలు వేసుకున్నాం. ఒక ఫ్రేము రాయాలంటే డెక్ ఐదు సెకన్ల వెనక్కి వెళ్లి, అక్కణ్ణుంచి పరుగు మొదలుపెట్టి, డ్రమ్మూ టేపూ లయ కలిసేదాకా పరిగెత్తి, సరిగ్గా ఆ ఫ్రేము వచ్చినప్పుడు రికార్డ్ ఆన్ చేసి, ఆపేసి, ఇంకో రెండు సెకన్లు ముందుకెళ్లి ఆగాలి. ఆ ఐదు సెకన్లనీ ప్రీరోల్ అంటారు. వెనక్కి తిప్పుకోవడం, ఆగడం అన్నీ కలిపి ఫ్రేముకి 15 సెకన్లు. వెయ్యి ఫ్రేములకి 15,000 సెకన్లు, అంటే నాలుగు గంటల పది నిమిషాలు. సెకనులో 25వ వంతు రాయడానికి పావు నిమిషం. మామయ్య రాత్రులు ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలిసింది.

ఈ పరుగు లేకుండా రాసే యంత్రాలూ ఉండేవి. సోనీ బీవీహెచ్-2500 అనే ఒక అంగుళం టేపు రికార్డర్ ప్రీరోల్ లేకుండానే ఒక్క ఫ్రేము రాయగలిగేది. యానిమేషన్ కోసమే దాన్ని వాడేవాళ్లు. ఒక్కో ఫ్రేము రాసుకునే లేజర్ డిస్క్ రికార్డర్లు కూడా వచ్చాయి. మామూలు డెక్‌లకి తగిలించి నడిపించే కంట్రోలర్లు లయన్ ల్యాంబ్ లాంటి కంపెనీలు చేసేవి. నా ప్రోగ్రాం చేస్తున్నది ఆ కంట్రోలర్ పనే.

జూన్ 21

పతంగి బొమ్మ బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో సిద్ధమైంది. డాబా మీద నుంచి ఎగురుతుంది, నీళ్ల ట్యాంకుల మీదుగా పైకి పోతుంది, ఇంకో పతంగితో పేచీ పడుతుంది, తెగిపోతుంది, గాలికి ఊగుకుంటూ దిగి వేపచెట్టు కొమ్మకి చిక్కుకుంటుంది. కథ అంతే. చిన్నప్పుడు సంక్రాంతికి ధూల్‌పేట నుంచి నాన్న తెచ్చిన ఎర్రతోక నల్ల పతంగి ఒకటి ఉండేది, దాన్నే చేశాను.

కంప్యూటర్ తెర మీద చక్కగా ఉంది. పాత ట్యూబ్ టీవీకి కలిపి చూస్తే మాంజా అదిరిపోతోంది. పతంగి పైకి పోతున్నప్పుడు, దారం నిలువుగా ఉన్నంతసేపూ బాగుంది. అడ్డంగా వంగిన చోటల్లా చిమ్మటలా రెపరెపలాడుతోంది. కారణం ఇంటర్‌లేస్. టీవీ ఒక ఫ్రేముని రెండు ఫీల్డులుగా చూపిస్తుంది, ముందు ఒక వరస విడిచి ఒక వరస, తర్వాత మిగిలినవి. దారం మందం ఒక్క వరసే అయితే అది ఒక ఫీల్డులో ఉంటుంది, రెండో ఫీల్డులో ఉండదు. అంటే సెకనుకి 25 సార్లు వెలిగి ఆరుతుంది. దానికి మందు, బొమ్మని నిలువుగా కాస్త మసకబార్చడం, దారం కనీసం రెండు వరసల్లో పరుచుకునేలా. నా కంప్యూటర్‌లో మసగ్గా కనిపించేది టీవీలో నిలకడగా, నిండుగా కనిపిస్తుంది. డాబా పిట్టగోడ అంచు, ట్యాంకు మూతలు, కరెంటు తీగలు, అన్నిటికీ ఇదే చేయాల్సి వచ్చింది. వెయ్యి ఫ్రేములూ మళ్లీ రెండర్‌కి పెట్టాను.

తోక ఎరుపు కూడా తగ్గించాను. తెర మీద మండిపోయే ఎరుపు టీవీలో అంచులు దాటి పక్కకి కారుతుంది.

జూన్ 22

ప్రతి ఫ్రేము కింద అంచున, టీవీ చట్రం వెనక దాగిపోయే చోట, చిన్న అక్షరాల్లో ఫ్రేము నంబరు వేశాను. తర్వాత ఏ ఫ్రేము తప్పిందో కనిపెట్టడానికి ఇదొక్కటే సాక్ష్యం.

జూన్ 28

మొదటి నూరు ఫ్రేములు. రాత్రి పదికి మొదలు. బొమ్మని చూపించేది రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్, దాని కాంపోజిట్ వీడియో పాల్‌లో డెక్‌కి వెళుతుంది. ప్రోగ్రాం ఫ్రేముని తెర మీద పెడుతుంది, రికార్డ్ మొదలయ్యే ఇన్ పాయింట్, ఆగే అవుట్ పాయింట్ పంపుతుంది, ఎడిట్ అంటుంది, డెక్ ఆగేదాకా ఎదురుచూస్తుంది, తర్వాతి ఫ్రేము తెర మీద పెడుతుంది.

గదిలో లైటు ఆర్పేసి కూర్చున్నాను. టక్, వెనక్కి జరజర, టక్, హోరు, చిన్న ఎర్రదీపం ఒక్క రెప్పపాటు వెలిగి ఆరింది, టక్. మళ్లీ. ఆ ఎర్రదీపమే ఒక ఫ్రేము. ముప్పయ్యో ఫ్రేముకల్లా ఆ చప్పుడికి నా ఊపిరి కూడా అలవాటు పడింది. కొంచెం తేడా వచ్చినా చెవికి తెలుస్తోంది. మామయ్య పక్కగదిలో పడుకుని కూడా తప్పు పట్టేవాణ్ణని చెబితే ఇదివరకు నమ్మలేదు.

జూన్ 29

పొద్దున్నే టేపు వెనక్కి తిప్పి చూశాను. నాలుగు సెకన్లు. పతంగి లేచింది! చేత్తో ముట్టుకోగలిగిన టేపు మీద, నాలుగు వందల మిల్లీమీటర్ల పొడవున, అది ఎగురుతోంది. పదిసార్లు చూశాను.

పదకొండోసారి తప్పులు కనబడటం మొదలైంది.

మొదటిది, పై ఎడమ మూల ఒక తెల్లటి చిన్న గీత అక్కడక్కడా మెరుస్తోంది. అది కన్సోల్ కర్సర్. మినుకుమినుకుమంటూ ఉండేది కదా, రికార్డయిన క్షణంలో వెలిగి ఉంటే పడింది, ఆరి ఉంటే లేదు. నేను ఆపకుండా వదిలేసిన తప్పు. రాత్రి తెరవైపు చూస్తూనే ఉన్నాను, కానీ నా కళ్లు పతంగి మీదే.

రెండోది, 47వ నంబరు లేదు. ఆ చోట నల్ల ఫ్రేము ఉంది. ఎడిట్ ఒక ఫ్రేము పక్కకి జరిగి 48 చోట పడింది, తర్వాత అసలు 48 వచ్చి దాన్ని తుడిచేసింది. ఒక్క ఫ్రేమే, 40 మిల్లీసెకన్లు, అయినా కన్ను కొట్టినట్టు తెలుస్తోంది.

మూడోది నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. పతంగి అంచుల్లో, ఎర్రతోక చుట్టూ చీమలు పాకుతున్నట్టు చుక్కలు కదులుతున్నాయి. కదలని డాబా గోడ అంచు మీద కూడా.

ఫోన్‌లో మామయ్యకి చెప్పాను. రెండోదానికి వెంటనే జవాబిచ్చాడు. "ఒక్కో బొమ్మ ఒక్క ఫ్రేమే రాయకురా. పది ఫ్రేములు రాయి. తర్వాతి బొమ్మ దాని రెండో ఫ్రేము మీద నుంచి రాయి. అప్పుడు ఎక్కడైనా జారినా నలుపు పడదు, ముందు బొమ్మే ఇంకో ఫ్రేము నిలబడుతుంది, ఎవరికీ తెలియదు." వినగానే అంత సులువైన మాట నాకెందుకు తట్టలేదా అనిపించింది. పెంకులు కప్పినట్టు, ఒకదాని మీద ఒకటి.

మూడోదానికి ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీ వైరు ఎన్ని తీగలు?" అన్నాడు. ఒకటి అన్నాను. "అదే," అన్నాడు.

కాంపోజిట్ వీడియోలో వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసి వస్తాయి. రంగుని మోసే అల దశ పాల్‌లో నాలుగు ఫ్రేములకి ఒకసారి గానీ మొదటికి రాదు. డెక్ ఆ రెంటినీ విడదీసి రాసుకుంటుంది, కానీ పూర్తిగా విడిపోవు, అంచుల్లో రంగు అల జాడ చుక్కలుగా మిగులుతుంది. ఆగకుండా వచ్చే వీడియోలో ఆ చుక్కలు ఒక వరసలో నడుస్తాయి, కన్ను వాటిని కలిపేసుకుంటుంది. నేను నూరుసార్లు నూరు వేర్వేరు క్షణాల్లో ఒక్కో ఫ్రేము తీశాను, కాబట్టి ఏ ఫ్రేముకి ఏ దశ పడిందో దైవాధీనం. అందుకే చీమలు. బీటా గొప్పతనమే వెలుగునీ రంగునీ టేపు మీద వేరువేరుగా రాయడం. ఆ డెక్‌కి కలిపేసిన సంకేతం ఇస్తున్నాను.

వెలుగునీ రంగునీ వేరు తీగల్లో పంపే మూడు తీగల కాంపోనెంట్ కావాలి.

జూలై 3

పెళ్లి వీడియోలు తీసే స్నేహితుడి దగ్గర హెచ్‌డీఎంఐని కాంపోనెంట్‌గా మార్చే పెట్టె ఉంది, తెచ్చుకున్నాను. రాస్ప్‌బెరీ పై నుంచి 576 వరసల ఇంటర్‌లేస్ పంపి, మూడు బీఎన్‌సీలతో డెక్‌కి కలిపాను. అదే పది ఫ్రేములు రాసి చూశాను. చీమలు లేవు. గోడ అంచు గీసినట్టుంది.

జూలై 5

ఈ రోజు టేపు గురించి ఒక విషయం తెలిసి మనసు పాడైంది.

గత వారం వాడిన చోట మళ్లీ నూరు ఫ్రేములు రాస్తే, అక్కడక్కడా తెల్లటి చిన్న గాట్లు పడుతున్నాయి. టేపు మీద సంకేతం పోయిన చోట్లు, డ్రాపవుట్లు. టేపు కొత్తదే, సీలు తీసింది నేనే. కాగితం తీసుకుని లెక్క వేశాను. ప్రతి ఎడిట్‌కీ హెడ్‌లు ఐదు సెకన్ల ముందు నుంచి, అంటే 125 ఫ్రేముల మీదుగా పరిగెడతాయి. తర్వాత పది రాస్తాయి, ఇంకో 50 దాటి ఆగుతాయి. ఫ్రేము ఫ్రేముకీ ఇదే. అంటే టేపు మీద ఏ ఒక్క చోటు తీసుకున్నా, దాని మీదుగా హెడ్‌లు ముందుకే 185 సార్లు వెళతాయి. వెనక్కి తిప్పేటప్పుడు కూడా టేపు డ్రమ్‌కి చుట్టుకునే ఉంటుంది, అది వేరు. ఒక మామూలు క్యాసెట్ జీవితంలో అన్నిసార్లు ప్లే అవుతుందా? నేను ఒక్క రాత్రిలో చేస్తున్నాను, అదీ రెండోసారి.

ప్రీరోల్ మూడు సెకన్లకి తగ్గించాను. 185 కాస్తా 135 అయింది. రెండు సెకన్లు పెట్టి చూస్తే డ్రమ్ లయ అందుకునేలోపే ఎడిట్ పాయింట్ వచ్చేసి, డెక్ కొన్నిసార్లు ఎడిట్ వదిలేస్తోంది. మూడే సరి. వెనక్కి తిప్పడం కూడా వేగంగా కాకుండా నెమ్మదిగా పెట్టాను. అసలు రికార్డింగ్ ఒక్కసారే, ఇంతవరకు ముట్టుకోని టేపు మీద, పొరపాటు లేకుండా జరగాలి. పరీక్షలన్నీ పాత టేపు మీదే.

జూలై 9

రెండు రోజులుగా వాన. సాయంత్రం డెక్ ఆన్ చేస్తే 'హ్యూమిడ్' దీపం వెలిగింది, ఏ బటనూ పనిచేయనివ్వలేదు. మంచి పనే చేసింది. తడి డ్రమ్‌కి టేపు అతుక్కుంటే టేపూ పోతుంది, హెడ్డూ పోతుంది. ఆన్‌లోనే ఉంచి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి వదిలేశాను. మూడు గంటలకి దీపం ఆరింది.

జూలై 12

అసలు రికార్డింగ్ ఈ రాత్రి. మామయ్య ఫ్లాస్కు నిండా టీ, అత్తయ్య చేసిన సకినాలు తీసుకుని ఎనిమిదింటికే వచ్చాడు. డెక్ ముందు కూర్చుని మొదట చేసిన పని, చేతి గడియారం తీసి పక్కన పెట్టడం. అప్పట్లో కూడా అలాగే చేసేవాడట. టైమ్ చూసుకుంటే తొందర పుడుతుందని.

కొత్త టేపు సాయంత్రమే బ్లాక్ చేసి పెట్టాను. డెక్కూ రాస్ప్‌బెరీ పై కూడా ఇన్వర్టర్ మీద ఉన్నాయి. కర్సర్ ఆపాను, రెండుసార్లు చూసుకున్నాను. 9 గంటల 5 నిమిషాలకి మొదటి ఫ్రేము.

300 దాకా ఏమీ జరగలేదు. అంతకన్నా బాగా ఎలా చెప్పాలో తెలియదు. చప్పుడు వింటూ మాట్లాడుకున్నాం. సీరియల్ టైటిళ్లు, లోకల్ కేబుల్‌లో వచ్చే బట్టల షాపుల యాడ్లు, ఎగిరొచ్చే అక్షరాలు ఇలాగే చేసేవాళ్లమని చెప్పాడు. ఒక షాపు పేరు గుండ్రంగా తిరిగి వచ్చి నిలబడాలి, మూడు సెకన్లు. తెల్లారి చూస్తే పేరులో ఒత్తు తప్పు పడింది. మళ్లీ 75 ఫ్రేములు.

బయట సందులో బోనాల డప్పులు పదకొండు దాకా వినిపించాయి. ఆ దెబ్బలకి బల్ల అదురుతుందేమోనని నాకు టెన్షన్. మామయ్య లేచి వెళ్లి డెక్ కింద మడతపెట్టిన దుప్పటి పెట్టించాడు, రెండు ఎడిట్ల మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలో నేను పైకెత్తాను, ఆయన దూర్చాడు.

611 దగ్గర కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది కానీ ఆ మారే క్షణంలో డెక్ ఎడిట్ మధ్యలో ఉంది. డెక్ ఆగలేదు, రాస్ప్‌బెరీ పై ఆగలేదు, ప్రోగ్రాం 612కి వెళ్లిపోయింది. ఆపెయ్యనా అన్నాను. "ఆపితే మళ్లీ ఈ లయ రాదు. నంబరు రాసుకో, పొద్దున చూద్దాం," అన్నాడు. కాగితం మీద 611 అని రాసి గుండ్రంగా చుట్టాను.

పన్నెండున్నరకి చివరి ఫ్రేము. ప్రీరోల్ తగ్గడం వల్ల ఫ్రేముకి 12 సెకన్ల చిల్లరే పట్టింది. కొమ్మకి చిక్కిన పతంగి తోక, చివరి బొమ్మ, పది ఫ్రేములు నిలబడి తర్వాత నలుపులోకి పోయింది. అప్పుడే చూడాలనిపించింది. మామయ్య వద్దన్నాడు. "డ్రమ్ వేడిగా ఉంది. పడుకో."

జూలై 13

చూశాం. ట్యూబ్ టీవీ మీద, కర్టెన్లు వేసి. అమ్మ, నాన్న, మామయ్య, నేను.

చీమలు లేవు, కర్సర్ లేదు, మాంజా అదరలేదు. పేచీ పడే చోట రెండు దారాలూ ఒకదాన్నొకటి కోసుకోవడం సన్నగా, స్పష్టంగా కనిపించింది. తెగిన క్షణంలో నాన్న "అఫా!" అని గట్టిగా అరిచాడు, డాబా మీద అరిచినట్టే.

తర్వాత నంబర్లు చూసుకుంటూ ఒక్కో ఫ్రేము నడిపించాను. టేపుని ఫ్రేము ఫ్రేముగా జరిపే జాగ్ చక్రం తిప్పుతూ, వెయ్యి. 998 ఉన్నాయి. 305 లేదు, ఆ చోట 304 నిలబడి ఉంది. పెంకుల పద్ధతి లేకపోతే అక్కడ నలుపు పడేది. 611 ఉంది, కానీ పై సగం 610, కింది సగం చెదిరిన గీతలు.

305ని వదిలేస్తున్నాను, పతంగి మెల్లగా తేలుతున్న చోటు అది, కంటికి తెలియదు. 611 తెగిన పతంగి మొదటిసారి పల్టీ కొట్టే చోటు. అక్కడ వదలలేను. దాన్ని సరిచేయాలంటే పది ఫ్రేములు కాదు, ఒకే ఒక్క ఫ్రేము రాయాలి, అటు ఇటు జారకుండా. జారితే మంచి ఫ్రేము ఇంకొకటి పోతుంది. పాత టేపు మీద ఒక్క ఫ్రేము ఎడిట్ ఇరవైసార్లు చేయించి చూశాను, పంతొమ్మిదిసార్లు సరిగ్గా పడింది.

ఇరవైలో ఒకటి. మామయ్య నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. ఇన్ 01:00:24:10, అవుట్ 01:00:24:11. నొక్కాను. టక్, జరజర, టక్, హోరు, ఎర్రదీపం, టక్.

జాగ్ తిప్పాను. 610. 611. 612.

క్యాసెట్ బయటికి తీసి, మళ్లీ రికార్డ్ అవ్వకుండా దాని ఎర్ర మీట లోపలికి నొక్కాను. లేబుల్ మీద మామయ్య చేత రాయించాను, ఆయన అక్షరాలు గుండ్రంగా, ఎడిట్ సూట్ అలవాటులో ఉంటాయి: 'పతంగి, 40 సె., పాల్, బొమ్మ మాత్రమే, ఆడియో లేదు.'

ఆడియో ట్రాకులు ఖాళీగానే ఉన్నాయి. వచ్చే ఆదివారం డప్పులు రికార్డ్ చేయడానికి వెళదామంటున్నాడు.